పోయిందెంత, పోసిందెంత

తెలంగాణ పల్లెల్లో కలరాను ‘గత్తర’ అనేవారు. గత్తర దిగిందంటే ఒక శవాన్ని సాగనంపి వచ్చేలోపు ఇంట్లో ఇంకొకరు పడిపోయేవారు. జబ్బు తగ్గుముఖం పట్టినా ఆ మాట మాత్రం తిట్టుగా జనం నోట్లో మిగిలిపోయింది. సికింద్రాబాద్ ఉజ్జయినీ మహంకాళి ఆలయం కథలోనూ ఈ జబ్బే ఉంది. 1813లో ఇక్కడ కలరా విజృంభించినప్పుడు, ఉజ్జయినిలో ఉన్న సైనికోద్యోగి సురిటి అప్పయ్య తన ఊరు గట్టెక్కాలని అమ్మవారికి మొక్కుకున్నాడని, 1815లో తిరిగొచ్చి విగ్రహం ప్రతిష్ఠించాడని చెబుతారు. ఆ బోనాలు జరిగేది ఆషాఢంలో. తొలకరి పడి, వాగుల్లోకి, బావుల్లోకి కొత్త నీరు చేరే నెల అది. ఆసుపత్రుల్లో వాంతులు, విరేచనాల కేసులు పెరిగేదీ అప్పుడే.

ఇవాళ వచ్చే కేసుల్లో కలరా వాటా తక్కువ. పత్రికలు ‘అతిసారం’ అని రాస్తాయి. జనం ‘మోషన్స్ పట్టుకున్నాయి’ అంటారు. చీటీ మీద డాక్టర్ ‘ఏజీఈ’ అని రాస్తారు, అంటే అక్యూట్ గ్యాస్ట్రోఎంటరైటిస్. కడుపు, పేగుల లోపలి పొర దెబ్బతిని లేదా వాచి, తిన్నదీ తాగిందీ ఒంటికి పట్టకుండా పైనుంచో కిందినుంచో బయటికి వచ్చేయడం. రోజుకు మూడుసార్లు, అంతకుమించి నీళ్లలా అయితే విరేచనాల కింద లెక్క. తల్లిపాలు మాత్రమే తాగే పసిబిడ్డ రోజుకు ఆరేడుసార్లు పలచగా పోవడం మామూలే. బిడ్డ చలాకీగా ఉండి, బరువు పెరుగుతుంటే దాన్ని జబ్బు అనుకోనక్కర్లేదు.

ఇంట్లో ఒకరికి మొదలవగానే అందరూ అడిగేది ‘ఏం తిన్నావు?’ అని. ఆ వెంటనే ‘కట్టేసే మాత్ర ఏదన్నా ఉందా?’ అని వెతుకులాట. ఈ హడావిడిలో అసలు అడగాల్సింది మరుగున పడిపోతుంది. ఒంట్లోంచి ఎంత నీరు పోయింది, అందులో ఎంత తిరిగి పోశాం? ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కల ప్రకారం విరేచనాలతో ఏటా ఐదేళ్లలోపు పిల్లలు 4.4 లక్షల మందికి పైగా చనిపోతున్నారు. వాళ్లలో చాలామందిని బలి తీసుకున్నది ఒంట్లో నీరూ ఉప్పూ ఇంకిపోవడమే. ఈ జబ్బు గురించి ఇంకేమీ గుర్తుండకపోయినా ఈ ఒక్కటి గుర్తుంటే ప్రాణం నిలుస్తుంది.

పేగుల లెక్క తెలిస్తే ఇది సులువుగా అర్థమవుతుంది. పెద్దవాళ్లు రోజుకు తాగేది, తిండిలో ఉండేది కలిపి సుమారు 2 లీటర్ల నీరు. లాలాజలం, జఠరరసం, పైత్యరసం, క్లోమరసం, పేగుల్లో ఊరేది కలిపి మరో 7 లీటర్లు. మొత్తం 9 లీటర్లు పేగుల్లోకి దిగితే మలంతో బయటికి పోయేది 100 నుంచి 200 మిల్లీలీటర్లే. మిగతాదంతా పేగు గోడ పీల్చుకుని రక్తంలోకి పంపేస్తుంది. అంత పెద్ద లావాదేవీ రోజూ చడీచప్పుడు లేకుండా నడిచిపోతుంటుంది కాబట్టి దాని సంగతే మనకు తెలియదు. పీల్చుకోవడం కాస్త తగ్గినా, ఊరడం కాస్త పెరిగినా లీటర్లకు లీటర్లు బయటికి వచ్చేస్తాయి.

ఆ లెక్క తప్పించడంలో ఒక్కో క్రిమిది ఒక్కో దారి. రోటావైరస్ చిన్నపేగు లోపల మఖమల్ నూగులా ఉండే పొరను రాల్చేస్తుంది. పాలలోని చక్కెరను అరిగించే ఎంజైమ్ ఉండేది ఆ నూగు మీదే. అందుకే విరేచనాలు తగ్గాక కూడా కొందరు పిల్లలకు కొద్దిరోజులు పాలు పడవు. కలరా క్రిమి అలా కాదు. పేగు గోడకు గాయమే చేయదు, అది వదిలే విషం గోడ కణాల్లోని నీటి కుళాయిని తిప్పి అలాగే వదిలేస్తుంది. బియ్యం కడుగులా తెల్లగా, గంటకు లీటరు దాకా పోవచ్చు. ఉదయం పొలానికి వెళ్లిన మనిషి సాయంత్రానికి లేకుండా పోయిన గత్తర కథల్లో అతిశయోక్తి లేదు. షిగెల్లా అనే బ్యాక్టీరియా పెద్దపేగు గోడను తొలిచేస్తుంది. అప్పుడు నీళ్లు తక్కువ, జిగట, నెత్తురు, మెలిపెట్టే నొప్పి ఎక్కువ. నీళ్ల విరేచనం, రక్త విరేచనం ఒకటి కావు. వాటి వైద్యమూ ఒకటి కాదు.

మొత్తంగా చూస్తే ఎక్కువ కేసులకు కారణం వైరస్‌లే. 1968లో అమెరికాలోని ఒహాయో రాష్ట్రం నార్వాక్ పట్టణంలో ఒక బడిలో చాలామంది పిల్లలు వాంతులతో పడిపోయారు. 1972లో ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్ కింద కనిపించిన దాని కారకానికి ఆ ఊరి పేరే వచ్చింది. అదే నేటి నోరోవైరస్. వందలోపు కణాలు కడుపులోకి వెళ్లినా చాలు, మనిషిని పడేస్తుంది. చేతులకు రాసుకునే శానిటైజర్‌కు అది అంతగా లొంగదు, సబ్బుతో రుద్ది కడిగితేనే పోతుంది. హాస్టళ్లలో ఒక్కరితో మొదలై రెండు రోజుల్లో గది గదికీ పాకే వాంతుల వెనక చాలాసార్లు ఇదే ఉంటుంది.

పెళ్లి భోజనం తర్వాత పదిమంది ఒకేసారి పడిపోయారనుకుందాం. ఏది తిన్నారన్న దానికంటే, తిన్న ఎన్ని గంటలకు మొదలైందన్నది ఎక్కువ చెబుతుంది. గంట నుంచి ఆరు గంటల్లోపు వాంతులు మొదలైతే అది ముందే వంటకంలో తయారై ఉన్న విషం పని. వంటవాడి చేతి మీది చీముపుండు నుంచి పాలకోవాలోకి, క్రీములోకి చేరిన స్టెఫైలోకాకస్ అనే బ్యాక్టీరియా కావచ్చు. పొద్దున వండి అలాగే బయట ఉంచి, సాయంత్రం నూనెలో వేయించిన అన్నంలోని బాసిలస్ సీరియస్ కావచ్చు. ఈ విషాలు మళ్లీ వేడి చేసినా విరగవు. ‘బాగా వేయించాంగా’ అన్న ధీమా ఇక్కడ పనిచేయదు. పెద్ద గుండిగలో వండిన మాంసం కూర నెమ్మదిగా చల్లారుతుంటే పెరిగే క్లోస్ట్రీడియం సగం రోజు తర్వాత విరేచనాలుగా బయటపడుతుంది. కోడిగుడ్లు, కోడిమాంసంతో వచ్చే సాల్మొనెల్లాకు ఆరు గంటల నుంచి మూడు రోజులు పట్టవచ్చు, దానికి జ్వరం తోడు. 2024 అక్టోబర్ చివరలో తెలంగాణ ప్రభుత్వం పచ్చిగుడ్డుతో చేసే మయోనైజ్‌ను ఏడాది పాటు నిషేధించింది ఈ భయంతోనే. వారాల తరబడి సాగే విరేచనాల్లో జియార్డియా, అమీబా వంటి పరాన్నజీవులు ఉండొచ్చు. మన దగ్గర ప్రతి విరేచనానికీ అమీబా పేరు పెట్టి మెట్రోనిడజోల్ మింగేయడం ఎప్పటినుంచో ఉన్న అలవాటు. రెండు రోజుల నీళ్ల విరేచనాలకు ఆ మాత్ర దాదాపు ఎప్పుడూ అక్కర్లేదు.

తిండి సంగతి ఇలా ఉంటే, ఒక కాలనీ మొత్తం ఒకేసారి పడకేసిందంటే ముందు చూడాల్సింది నీళ్లనే. 2009 మేలో హైదరాబాద్ భోలక్‌పూర్‌లోనూ, 2018 మార్చిలో పాత గుంటూరులోనూ తాగునీటిలో మురుగు కలిసి వందల మంది ఆసుపత్రుల పాలయ్యారు, పలువురు ప్రాణాలు కోల్పోయారు. 2024 అక్టోబర్‌లో విజయనగరం జిల్లా గుర్లలో అతిసారం ప్రబలి మరణాలు సంభవించినప్పుడు కూడా వేళ్లన్నీ నీటి వైపే చూపాయి.

శుద్ధి చేసే చోట బాగున్న నీరు ఇంటి కుళాయికి వచ్చేసరికి ఎలా చెడుతుంది? మన ఊళ్లలో నీళ్లు రోజంతా రావు. రోజు విడిచి రోజు, గంటో రెండు గంటలో వదులుతారు. వదిలినప్పుడు గొట్టంలో ఒత్తిడి ఉంటుంది, చిల్లు ఉంటే నీరు బయటికి చిమ్ముతుంది. కట్టేశాక గొట్టం ఖాళీ అవుతుంది. అప్పుడు అదే చిల్లు బయటి నీటిని లోపలికి లాగుతుంది. ఆ చిల్లు మురుగుకాల్వ పక్కనుంటే లోపలికొచ్చేది మురుగే. సందుల్లో ఇంటి కనెక్షన్ గొట్టాలు కాల్వల్లోంచే దాటుతుంటాయి. తుప్పు పట్టిన పాత ఇనుప గొట్టాలైతే చెప్పనక్కర్లేదు. దీనికి తోడు, ఒత్తిడి చాలడం లేదని ఇంటింటా కుళాయికి మోటారు బిగిస్తారు. ఆ మోటారు తన ఇంటికి నీటిని లాగుతూ లాగుతూ వీధి మొత్తానికి మురుగును పీల్చి పెడుతుంది. నీళ్లు వదిలిన మొదటి పది నిమిషాలు రంగుగా, వాసనగా రావడం అంటే ఇదే జరుగుతోందని అర్థం. ఆ నీటిని బిందెల్లో పట్టుకోకుండా పారబోయాలి, వెంటనే ఫిర్యాదు చేయాలి. రంగు తేటపడినంత మాత్రాన నీరు శుభ్రపడినట్టు కాదు. కుళాయి చివర కూడా లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగిలి ఉండాలన్నది భారత ప్రమాణం. చిన్న సీసాలో చుక్కల మందు వేసి రంగు చూసే పరీక్ష అది, రెండు నిమిషాల పని. ప్రతి వార్డులో, ప్రతి పంచాయతీలో రోజూ ఆ పరీక్ష చేసి ఫలితం గోడ మీద రాస్తే ఎన్ని ప్రాణాలు మిగిలేవో! జనం పడిపోయాక పెట్టే వైద్యశిబిరం కంటే ఆ సీసా ఎంతో చవక. గొట్టం బాగయ్యేదాకా ఇంట్లో చేయగలిగింది ఒకటే. నీటిని తెర్లే దాకా మరిగించి, మరో నిమిషం పొయ్యి మీద ఉంచి, దించి, మూతపెట్టి, గరిటెతో ముంచుకోవాలి. చెయ్యి ముంచితే మరిగించిన ఫలితం పోతుంది.

ఇక లక్షణాలు. కడుపులో తిప్పినట్టుండి వాంతులు, ఆ తర్వాత నీళ్ల విరేచనాలు, పొట్టలో మెలికలు, ఒళ్లు నొప్పులు, కొద్దిగా జ్వరం. వైరస్ వల్ల వచ్చినదైతే వాంతులు ఒకటి రెండు రోజుల్లో ఆగుతాయి, విరేచనాలు వారం లోపు సర్దుకుంటాయి. రెండు వారాలు దాటితే అది వేరే లెక్క, పరీక్షలు చేయించాల్సిందే. ఎన్నిసార్లు అయ్యాయన్నది అందరూ లెక్కపెడతారు. ఒంట్లో నీరెంత మిగిలిందన్నది మాత్రం కళ్లతో చూసి పోల్చుకోవాలి, అది నేర్చుకుంటే వచ్చే విద్యే.

పది కిలోల బిడ్డను తీసుకుందాం. అరకిలో బరువు నీరు పోయేసరికి ఆ బిడ్డ చిరాకుగా, ఊరికే ఏడుస్తూ ఉంటుంది. గ్లాసు చూస్తే ఆత్రంగా అందుకుంటుంది. కళ్లు లోపలికి పోతాయి, ఏడ్చినా కన్నీళ్లు రావు, నాలుక ఎండిపోతుంది. పసిబిడ్డ అయితే మాడు గుంట పడుతుంది. బొడ్డు పక్కన చర్మాన్ని రెండు వేళ్లతో నిలువుగా పట్టి వదిలితే, మామూలప్పుడు టక్కున సర్దుకునేది ఇప్పుడు నెమ్మదిగా సర్దుకుంటుంది. కిలో బరువు నీరు పోయేసరికి దృశ్యం మారిపోతుంది. బిడ్డ ఏడుపు ఆపేస్తుంది. మగతగా పడి ఉంటుంది, నీళ్లిచ్చినా తాగదు. పట్టి వదిలిన చర్మపు మడత రెండు సెకన్లు దాటినా అలాగే నిలబడి ఉంటుంది. ఏడ్చి ఏడ్చి పడుకుందిలే అని ఇంట్లోవాళ్లు ఊపిరి పీల్చుకునే ఘడియ, నిజానికి బిడ్డను చంకనేసుకుని ఆసుపత్రికి పరుగెత్తాల్సిన ఘడియ. పెద్దవాళ్లలో అయితే నిలబడగానే కళ్లు తిరగడం, పిక్కలు పట్టేయడం, గొంతు పీలగా మారడం, ఆరేడు గంటలు మూత్రం రాకపోవడం చూసుకోవాలి. మూత్రం ఆగిందంటే మూత్రపిండాలకు దెబ్బ తగిలే ప్రమాదం ఉందని.

పోయిన నీటిని తిరిగి పోయడం చెప్పినంత తేలిక కాలేదు చరిత్రలో. ఉత్త నీళ్లు తాగితే పేగు సరిగా పీల్చుకోదు, చాలావరకు అవీ బయటికే పోతాయి. 1950ల చివర, 1960ల్లో పేగు గోడ రహస్యం ఒకటి బయటపడింది. గ్లూకోజ్ లోపలికి వెళ్లేటప్పుడు ఉప్పులోని సోడియంను చేయిపట్టి వెంట తీసుకెళ్తుంది, ఆ రెండింటి వెనక నీరు వెళ్తుంది. విరేచనాలు ఎంత ఉధృతంగా ఉన్నా ఈ తలుపు మాత్రం మూసుకోదు. కలకత్తాలో హేమేంద్రనాథ్ ఛటర్జీ 1953లోనే కలరా రోగులకు ఉప్పు, గ్లూకోజ్ నీళ్లు తాగించి ఫలితం చూపించారు, ప్రపంచం పెద్దగా పట్టించుకోలేదు. 1959లో అదే నగరంలో శంభునాథ్ దే కలరా విషాన్ని కనిపెట్టారు. 1968లో ఢాకాలో జరిగిన పరీక్షలు నోటి ద్వారా ఇచ్చే ద్రావణం పనిచేస్తుందని తేల్చాయి. అయినా ఆసుపత్రి గోడల మధ్య, నిపుణుల కళ్లముందే అది సాధ్యమని వైద్యలోకం అనుకునేది.

1971 ఆ నమ్మకాన్ని తలకిందులు చేసింది. తూర్పు పాకిస్తాన్ నుంచి లక్షలాది శరణార్థులు పశ్చిమబెంగాల్ సరిహద్దులోని బనగావ్ వైపు వచ్చిపడ్డారు, వెంట కలరా. ఆసుపత్రిలో మంచాలు చాలక రోగులు నేలమీదే పడి ఉంటే, వాంతులు, విరేచనాల మధ్య మోకాళ్ల మీద కూర్చుని సెలైన్ ఎక్కించాల్సి వచ్చేది. ఆ సెలైన్ సీసాలూ అయిపోవస్తున్నాయి. అప్పుడు డాక్టర్ దిలీప్ మహలనబిస్ ఒక నిర్ణయం తీసుకున్నారు. లీటరుకు 22 గ్రాముల గ్లూకోజ్, 3.5 గ్రాముల ఉప్పు, 2.5 గ్రాముల తినేసోడా చొప్పున కలిపి పాలిథిన్ సంచుల్లో పొట్లాలు కట్టించారు, డ్రమ్ముల్లో కలిపి, కుళాయిలు బిగించి, రోగి పక్కనున్న తల్లికో చెల్లికో తాగించే పని అప్పగించారు. మరణాలు 30 శాతం దాకా ఉన్న చోట, ఆయన శిబిరంలో 3.6 శాతానికి పడిపోయాయి. నర్సు కాని మనిషి, అక్షరం రాని మనిషి కూడా ప్రాణం కాపాడగలదని అక్కడ తేలింది. మహలనబిస్ 2022 అక్టోబర్‌లో కన్నుమూశారు. మరుసటి ఏడాది పద్మవిభూషణ్ ప్రకటించారు. బతికుండగా రావాల్సిన గౌరవం అది.

ఇప్పటి ఓఆర్ఎస్ పొట్లం ఆ ద్రావణానికి సరిదిద్దిన రూపం. లీటరు పొట్లంలో 13.5 గ్రాముల గ్లూకోజ్, 2.6 గ్రాముల ఉప్పు, 1.5 గ్రాముల పొటాషియం క్లోరైడ్, 2.9 గ్రాముల సిట్రేట్, మొత్తం 20.5 గ్రాములు. ఇక్కడ జరిగే పెద్ద పొరపాటు ఒకటుంది. లీటరు పొట్లాన్ని ఒక గ్లాసులో కలిపేయడం, లేదా పొట్లంలో సగం ఇప్పుడు, సగం రేపు అని అంచనాగా వేయడం. చిక్కగా కలిపితే ఒంట్లోని నీరు పేగుల్లోకి లాక్కొచ్చి విరేచనం పెరుగుతుంది, పసిపిల్లల రక్తంలో ఉప్పు పెరిగి ఫిట్స్ దాకా వెళ్లవచ్చు. పలచగా కలిపితే పని జరగదు. పొట్లం మీద లీటరు అని ఉంటే లీటరు సీసా నిండా నీటిలో మొత్తం పొట్లం పోయాలి, 200 మిల్లీలీటర్లు అని ఉంటే గ్లాసులో. పంచదార అదనంగా వేయకూడదు, పాలలో, పండ్లరసంలో కలపకూడదు. 24 గంటలు దాటితే మిగిలింది పారబోసి కొత్తది కలపాలి. పొట్లం అందే దారే లేనప్పుడు లీటరు నీటికి సమంగా నింపిన ఆరు చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు. టీ చెంచాతో, కొలిచి మరీ. పొటాషియం అందులో ఉండదు కాబట్టి పొట్లం దొరికేదాకానే అది.

‘తాగించిందంతా కక్కేస్తోంది, ఇంక సెలైనే దిక్కు’ అని చాలామంది తల్లులు ఆశ వదిలేస్తారు. గ్లాసుతో గటగటా పట్టిస్తే కక్కడం సహజం. వాంతి అయ్యాక పది నిమిషాలు ఆగాలి. ఆ తర్వాత నిమిషానికో రెండు నిమిషాలకో ఒక చెంచా. ఒళ్లో కూర్చోబెట్టుకుని, గడియారం చూస్తూ, చెంచా తర్వాత చెంచా. నిమిషానికి ఒక టీ చెంచా చొప్పున గంటకు 300 మిల్లీలీటర్లు లోపలికి వెళ్తాయి. ఓపిక కావాలి, అంతే. నీరు కొంత పోయిన లక్షణాలు కనబడితే కిలో బరువుకు 75 మిల్లీలీటర్ల చొప్పున నాలుగు గంటల్లో ఇవ్వాలి. అంటే మన పది కిలోల బిడ్డకు 750 మిల్లీలీటర్లు. ఆపైన ఒక్కో విరేచనానికి రెండేళ్లలోపు పిల్లలకు 50 నుంచి 100, అంతకంటే పెద్ద పిల్లలకు 100 నుంచి 200 మిల్లీలీటర్లు.

ఓఆర్ఎస్ ఇచ్చినా విరేచనాలు ఆగలేదు, కాబట్టి మందు పనిచేయలేదు అని పడేసేవాళ్లున్నారు. ఓఆర్ఎస్ విరేచనాలను ఆపేందుకు కాదు, ప్రాణం నిలిపేందుకు. క్రిములు వాటంతట అవి బయటికి పోయేదాకా మనిషిని నిలబెడుతుంది. కట్టేసే మాత్రల సంగతీ ఇక్కడే చెప్పాలి. లోపెరమైడ్ వంటివి పేగు కదలికను ఆపుతాయి. పిల్లలకు అవి ఇవ్వకూడదు, పేగులు స్తంభించి పొట్ట ఉబ్బి ప్రాణం మీదికి వస్తుంది. రక్తం పడుతున్నా, తీవ్ర జ్వరం ఉన్నా పెద్దలు కూడా ముట్టకూడదు. యాంటీబయాటిక్‌లు వైరస్ మీద పనిచేయవు. రక్త విరేచనాలు, కలరా వంటి కొన్నింటికే వాటి అవసరం, అదీ డాక్టర్ చూసి రాస్తేనే. రక్తం పడిన ప్రతిసారీ అవే మంచివని కూడా కాదు. ఈ-కోలై అనే బ్యాక్టీరియాలో ఒక రకానికి యాంటీబయాటిక్ ఇస్తే మూత్రపిండాలు దెబ్బతినే ముప్పు పెరుగుతుంది.

సెలైన్ మీద మన జనానికున్న మోజు గురించి ఎవరో ఒకరు గట్టిగా చెప్పాలి. ‘రెండు బాటిళ్లు ఎక్కించండి డాక్టర్ గారూ’ అని అడిగి మరీ పెట్టించుకుంటారు. తాగగలిగిన మనిషికి సూది అక్కర్లేదు. మగతలో ఉన్నవాళ్లకు, ఏదీ కడుపులో నిలవనివాళ్లకు, నాడి అందనివాళ్లకు మాత్రం సెలైన్ ఆలస్యం చేయకూడదు. అప్పుడు ఎక్కించేది ముఖ్యంగా రింగర్ లాక్టేట్ అనే రకం సెలైన్, కిలోకు 100 మిల్లీలీటర్లు. ఏడాది దాటినవాళ్లకు మూడు గంటల్లో, ఏడాదిలోపు బిడ్డకు ఆరు గంటల్లో. ఆసుపత్రికి తీసుకెళ్లే దారిలో కూడా తాగగలిగితే చెంచాతో ఓఆర్ఎస్ పోస్తూనే ఉండాలి.

మందుల షాపులో ‘ఓఆర్ఎస్ ఇవ్వండి’ అంటే తీయటి పండ్ల రుచి ఉన్న డబ్బా చేతిలో పెట్టడం ఏళ్ల తరబడి జరిగింది. పేరులో ఓఆర్ఎస్ అక్షరాలు, లోపల చక్కెర ఎన్నో రెట్లు ఎక్కువ, ఉప్పు చాలీచాలనంత. విరేచనాలతో ఉన్న బిడ్డకు అది మందు కాకపోగా కీడు. హైదరాబాద్‌కు చెందిన పిల్లల వైద్యురాలు శివరంజని సంతోష్ దీనిపై ఎనిమిదేళ్లు పోరాడారు. చివరికి 2025 అక్టోబర్‌లో ఆహార భద్రత సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ, ప్రమాణం ప్రకారం లేని పానీయాల మీద ఓఆర్ఎస్ అన్న పేరు వాడకూడదని ఆదేశించింది. ఒక్క డాక్టర్ పట్టుదల దేశంలోని పిల్లలందరికీ పనికొచ్చింది. అయినా కొనేటప్పుడు పొట్లం మీద ప్రపంచ ఆరోగ్య సంస్థ ఫార్ములా అన్న మాట చదివి తీసుకోవడం మంచిది. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో, ఆశా కార్యకర్త దగ్గర ఆ పొట్లం ఉచితంగా దొరుకుతుంది, జింక్ మాత్రలతో పాటు. జింక్ పేగు పొరను త్వరగా కోలుకునేలా చేస్తుంది. ఆరు నెలలు దాటిన బిడ్డకు రోజుకు 20 మిల్లీగ్రాములు, అంతకంటే చిన్నబిడ్డకు 10, మొత్తం 14 రోజులు. విరేచనాలు మూడో రోజే ఆగినా 14 రోజులూ వేయాలి.

‘లంఖణం పరమౌషధం’ అన్న సామెత ఈ జబ్బులో పిల్లల పాలిట శత్రువైంది. పెద్దవాళ్లు ఒక పూట తినకపోతే ఫర్వాలేదు. పిల్లల్ని పస్తుంచితే పేగు పొర తిరిగి మొలవడానికి కావాల్సిన సరుకే అందదు, విరేచనాలు సాగుతాయి, బిడ్డ చిక్కిపోతుంది, చిక్కిన బిడ్డకు మళ్లీ విరేచనాలు పట్టుకుంటాయి. తల్లిపాలు ఒక్క పూట కూడా ఆపకూడదు. తల్లి తిన్నది పడక పాలు చెడ్డాయన్న మాట వినాల్సిన పనిలేదు. పళ్లు వచ్చేటప్పుడు విరేచనాలు మామూలే అని ఊరుకోవడమూ అలాంటిదే. ఆ వయసులో పిల్లలు దొరికిందల్లా నోట్లో పెట్టుకుంటారు, క్రిములు వెళ్లేది అలా. మెత్తగా ఉడికించిన అన్నంలో పప్పుకట్టు, పెరుగన్నం, అరటిపండు, ఇడ్లీ బాగా నప్పుతాయి. ఉప్పు వేసిన గంజి, పలచటి మజ్జిగ, కొబ్బరినీళ్లు ఓఆర్ఎస్‌కు తోడుగా. గంజి విషయంలో మన పెద్దలు నూటికి నూరుపాళ్లు సరైన దారిలో ఉన్నారు. పిండిపదార్థం నెమ్మదిగా గ్లూకోజ్‌గా విడిపోతూ ఉప్పును, నీటిని వెంట లోపలికి తీసుకెళ్తుంది. కూల్‌డ్రింకులు, ప్యాకెట్ రసాలు, చిక్కటి కాఫీ టీలు వద్దు.

అరవై దాటినవాళ్లు, గర్భిణులు, షుగర్, మూత్రపిండాల జబ్బు ఉన్నవాళ్లు తొలి రోజే డాక్టర్‌ను కలవాలి. రక్తపోటుకు, గుండెకు, షుగర్‌కు వాడే మందుల్లో కొన్ని, ఒంట్లో నీరు తగ్గినప్పుడు మూత్రపిండాల మీద దెబ్బ తీస్తాయి. వాటిని ఈ రెండు మూడు రోజులు ఆపాలా, తగ్గించాలా అన్నది సొంతంగా తేల్చుకోకుండా ఫోన్ చేసైనా అడగాలి. షుగర్ ఉంది కదా అని ఓఆర్ఎస్ మానేసేవాళ్లున్నారు. అందులో గ్లూకోజ్ కొద్దిగానే, అది మానడం వల్ల వచ్చే ప్రమాదమే పెద్దది.

ఈ జబ్బుతో పోరులో హైదరాబాద్‌కు గర్వంగా చెప్పుకోదగ్గ పాత్ర ఒకటుంది. 1980ల మధ్యలో ఢిల్లీ ఎయిమ్స్‌లో, జబ్బు లక్షణాలేవీ లేని నవజాత శిశువుల్లో ఒక రోటావైరస్ రకం దొరికింది. అది సోకిన పిల్లలకు ఆ తర్వాత తీవ్రమైన విరేచనాలు తక్కువగా వస్తున్నాయని ఎం.కె.భాన్, ఆయన సహచరులు గమనించారు. ఆ రకం నుంచే హైదరాబాద్‌లోని భారత్ బయోటెక్ ‘రోటావాక్’ చుక్కల టీకా తయారుచేసింది. దాదాపు 6,800 మంది పసిపిల్లల మీద జరిగిన పరీక్షల్లో, మొదటి ఏడాది తీవ్రమైన రోటావైరస్ విరేచనాలను సగానికి పైగా తగ్గించింది. 2016లో దేశ టీకా కార్యక్రమంలో చేరినప్పుడు మొదట మొదలైన నాలుగు రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ ఒకటి. 6, 10, 14 వారాలకు నోట్లో వేసే చుక్కలు అవి. సగమేగా అనిపించవచ్చు. ఏటా ఎంతోమంది పిల్లలు ఆసుపత్రి పాలయ్యే దేశంలో సగం అంటే చాలా పెద్ద సంఖ్య. అయితే టీకా ఆపేది రోటావైరస్‌నే. మురుగు గొట్టంలోంచి వచ్చేవాటికి టీకా సరిపోదు, గొట్టమే మార్చాలి.

తగ్గాక కూడా కొంత పని మిగిలే ఉంటుంది. బిడ్డకు రెండు వారాల పాటు రోజూ ఒక పూట అదనంగా పెట్టాలి, పోయిన బరువు అప్పుడే తిరిగొస్తుంది. పసిబిడ్డ మలంలో ఏముంటుందిలే అని మోరీలో పారేయకూడదు, పెద్దవాళ్ల మలంలో ఉన్న క్రిములే అందులోనూ ఉంటాయి. దాన్ని మరుగుదొడ్లోనే వేసి, చేతులు సబ్బుతో కడుక్కోవాలి. ఇక జబ్బు చేసింది వంట చేసే మనిషికైతే, ఆఖరి విరేచనం అయ్యాక రెండు రోజులు నిండేదాకా ఆమెను గానీ ఆయన్ను గానీ పొయ్యి దగ్గరికి రానివ్వకూడదు. ఒంట్లో బాగుందనిపించినా క్రిములు ఇంకా బయటికి పోతూనే ఉంటాయి. ఆ రెండు రోజులు ఇంట్లో ఇంకొకరు గరిటె పట్టుకోవాలి.